క్రు కాదు, కృ

మన మ్యాగజైన్ ఈ సంచికకి వచ్చిన కవితలన్నీ ఒకే ఫైల్లో చేర్చే పని నా మీద పడింది. చేర్చాక ఊరికే సరదాకి 'దుఃఖం' అని వెతికాను. ఒక్కటంటే ఒక్కటి కూడా దొరకలేదు. మన కాలేజీ కవులు దుఃఖం లేకుండా కవితలు రాశారంటే నమ్మబుద్ధి కాలేదు. కళ్ళతో చదివితే పేజీకి రెండు చోట్ల ఉంది! సంగతేంటంటే అందరూ 'దు:ఖం' అని కొట్టారు. విసర్గ పెట్టాల్సిన చోట కోలన్ పెట్టారు.

చూడ్డానికి పెద్ద తేడా తెలీదు. విసర్గవి చిన్న సున్నాలు, కోలన్‌వి చుక్కలు. ఫోన్లో ఆ సైజులో ఎవరు గమనిస్తారు? కానీ కంప్యూటర్‌కి విసర్గ అంటే ముందున్న అక్షరాన్ని అంటిపెట్టుకుని ఉండే తెలుగు గుర్తు. కోలన్ అంటే విరామచిహ్నం. కోలన్ పడగానే ఆ మాట 'దు', 'ఖం' అని రెండు ముక్కలైపోతుంది. వెతికితే దొరకదు, డబుల్ క్లిక్ చేస్తే సగమే సెలెక్ట్ అవుతుంది. ఇంకో మిత్రుడైతే 'అందం'లో నిండు సున్నకి బదులు తెలుగు అంకెల్లో ఉండే సున్న (౦) పెట్టాడు. ఎక్కడ నుంచి తెచ్చాడో పాపం, అది మామూలుగా కొట్టడమే కష్టం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. మనలో చాలామంది తెలుగు టైపింగ్ అనుకుంటున్నది నిజానికి టైపింగ్ కాదు. ఇంగ్లీషు స్పెల్లింగ్ ఒకటి ఇచ్చి, మెషిన్ చూపించిన వాటిలో దగ్గరగా ఉన్నదాన్ని ఏరుకుంటున్నాం. చాటింగ్‌కి అది చాలు, దాని మీద నాకే కోపమూ లేదు. కానీ మనకి కావాల్సిన అక్షరం ఆ జాబితాలో లేకపోతే ఏం చెయ్యాలో మనకి తెలీదు. ఆ జాబితాలో ఉన్నది తప్పని కూడా ఒక్కోసారి తెలీదు. ఇది చిన్న విషయం కాదా అంటారేమో. పోయినేడు దాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

మాది నెల్లూరు జిల్లా బోగోలు, కావలికి దగ్గర. బోగోలు తెలీని వాళ్ళకి కూడా బిట్రగుంట స్టేషన్ అంటే తెలుస్తుంది, అది మా మండలమే. ఆవిరి ఇంజన్లు నడిచిన కాలంలో బిట్రగుంట లోకో షెడ్డుకి పెద్ద పేరు. మా తాత అక్కడే ఫైర్‌మన్‌గా చేరాడు. ఇంజన్లో బొగ్గు వేసే పని. పోయినేడు కార్తీకంలో ఆయన చనిపోయాడు.

పెద్దకర్మకి ఫ్లెక్సీ, కార్డులు వేయించాలి. "కంప్యూటరు చదవతుండావు గదరా, ఆ నాలుగు ముక్కలు నువ్వే కొట్టి పంపించు" అన్నాడు నాయన. నేను ఎల్కేజీ నుంచి ఇంగ్లీషు మీడియమే. తెలుగు చదవడం బాగానే వచ్చు, రాయడం పరీక్షకి సరిపడా వచ్చు. టైపు చెయ్యడం మాత్రం ఫోన్లో ఇంగ్లీషు అక్షరాలు కొడితే అదే తెలుగు చేసి పెట్టేది. ఇంటి నిండా జనం, ఒకపక్క ఏడుపులు. పది నిమిషాల్లో కొట్టేసి సెంటర్లో డీటీపీ షాపు అన్నకి వాట్సాప్ చేశా.

నేను పంపిన దాంట్లో 'గ్నాపకార్ధం' ఉంది. 'దు:ఖం' ఉంది (కవుల్ని ఏమీ అనలేను, నేనూ ఆ బాపతే). 'ఫైర్మన్' అని ర కింద మ వత్తు పెట్టుకుని ఇంకోటి ఉంది. తాత పేరులో కృష్ణుడు ఉన్నాడు. అక్కడ 'క్రుష్ణ' అని ఉంది. కె, ఆర్, యు కొట్టా, ఫోను ఏవో చూపించింది, ఒకటి నొక్కా. చూసుకోలేదు.

ఆ అన్న దాన్ని తన సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే అంతా గళ్ళు గళ్ళుగా వచ్చిందట. ఫోను పక్కన పెట్టుకుని, చూసి మొత్తం మళ్ళీ కొట్టాడు. కొట్టేటప్పుడు జ్ఞాపకార్థం సరిచేశాడు, దుఃఖం సరిచేశాడు, ఫైర్‌మన్ కూడా సరిచేశాడు. నాకు చెప్పను కూడా చెప్పలేదు. పేరు మాత్రం ముట్టుకోలేదు. తర్వాత అడిగితే "పేర్లు మేం మార్చం తమ్ముడూ. ఒక్కో ఇంట్లో ఒక్కో రకంగా రాసుకుంటారు. మారిస్తే మళ్ళా మాతోనే గొడవ" అన్నాడు. న్యాయమే.

ఫ్లెక్సీ కట్టాక మా అవ్వ వచ్చి దాని ముందు నిలబడింది. అవ్వ ఐదో తరగతి దాకా చదివింది. చాలాసేపు చూసి "మీ తాత సంతకం ఇట్టా ఉండదురా" అంది. తాత ఉద్యోగం చేసినన్నాళ్ళూ తెలుగులోనే సంతకం పెట్టాడు. కృ పక్కన ఉండే ఆ కొక్కేన్ని కిందికి లాగి, పేరంతటికీ అడుగున గీతలాగా తిప్పేవాడు. అవ్వ ఆ కొక్కెం కోసం చూసింది. అది లేదు. ఇంకేం మాట్లాడలేదు, లోపలికి పోయింది. నాయన "పోనీలేరా, ఎవరు చూస్తార్లే" అన్నాడు. అవ్వ చూసింది గదా.

హాస్టల్‌కి వచ్చాక ఆ వారం చేసిన మొదటి పని, కృ ఎలా కొట్టాలో నేర్చుకోవడం.

ఇక్కడ మన సబ్జెక్టు కొంచెం. యూనికోడ్‌లో తెలుగుకి 128 స్థానాలు ఇచ్చారు. (ఆస్కీ మొత్తం కూడా 128 స్థానాలే. మా ల్యాబ్‌లో ఈ మాట చెప్తే ఎవరూ ఆశ్చర్యపోలేదు గానీ నేను పోయా.) మనకి కనపడే ప్రతి అక్షరానికీ ఒక స్థానం లేదు. హల్లుకి ఒకటి, గుణింతం గుర్తుకి ఒకటి, పొల్లుకి ఒకటి. వాటిని వరసగా పేరిస్తే ఫాంటు, సిస్టమ్ కలిసి అక్షరంగా గీసి చూపిస్తాయి. 'క్రు' అంటే క, పొల్లు, ర, కొమ్ము, మొత్తం నాలుగు. 'కృ' అంటే క, దాని పక్కన వట్రసుడి, అంతే రెండు. మనం పలికేటప్పుడు రెండూ ఇంచుమించు ఒకటే. మెషిన్‌కి అసలు సంబంధం లేని రెండు మాటలు. తాత పేరు ఏదన్నా లిస్టులో ఒకచోట అలా, ఒకచోట ఇలా ఉంటే అది ఇద్దరు మనుషులు అనుకుంటుంది.

కొట్టడం ఎలా అంటే, విండోస్‌లో తెలుగు కీబోర్డు ఆల్రెడీ ఉంది. సెట్టింగ్స్‌లో భాషల దగ్గరికెళ్ళి తెలుగు యాడ్ చేస్తే వస్తుంది. విండోస్ కీ పట్టుకుని స్పేస్ నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకి, తెలుగు నుంచి ఇంగ్లీషుకి మారుతుంది. ఆ లేఅవుట్ పేరు ఇన్‌స్క్రిప్ట్. కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో మొదలుపెట్టి ప్రమాణంగా చేసింది. 1991లో ఇస్కీతో పాటు భారతీయ ప్రమాణాల్లోకి ఎక్కింది. అంటే మనం పుట్టకముందు నుంచీ ఉంది. మొదటిసారి చూస్తే భయం వేస్తుంది, కీల మీద తెలుగు ఉండదు కాబట్టి. కానీ దాంట్లో ఒక లెక్క ఉంది. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతాలు. కుడిచేతి వైపు హల్లులు. క ఉన్న కీకే షిఫ్ట్ పట్టుకుంటే ఖ, గ కి షిఫ్ట్ పడితే ఘ, ద కి షిఫ్ట్ పడితే ధ. మన వర్ణమాలని ఎవరో కూర్చుని ఆలోచించి కీబోర్డు మీద పరిచారు. హిందీ, కన్నడ, తమిళం అన్నిటికీ దాదాపు ఇదే అమరిక. నా కన్నడ రూమ్మేట్ నా ల్యాప్‌టాప్‌లో తెలుగు అక్షరాలు రాకుండానే తన పేరు తెలుగులో కొట్టేశాడు. నాకు కాస్త సిగ్గేసింది.

కృ కావాలంటే కె నొక్కి ఈక్వల్‌టు గుర్తున్న కీ నొక్కాలి. అంతే. నేను తాత పేరుని పాడుచేసింది రెండు కీల దగ్గర. విసర్గ షిఫ్ట్, హైఫన్. కాబట్టి దుఃఖం అంటే ఓ, జి, షిఫ్ట్ హైఫన్, షిఫ్ట్ కె, ఎక్స్. పొల్లు డి మీద ఉంది, వత్తులన్నీ దాంతోనే. జ్ఞ కి పి, డి, ఆ తర్వాత షిఫ్ట్ పట్టుకుని మూసే చదరపు బ్రాకెట్. ఇక్కడే 'గ్న' ఎందుకు తప్పో నాకు మొదటిసారి అర్థమైంది. జ్ఞ లో గ లేనే లేదు, జ, దాని కింద ఞ ఉన్నాయి. పన్నెండేళ్ళు తెలుగు సబ్జెక్టు చదివి ఈ సంగతి కీబోర్డు దగ్గర తెలుసుకున్నా. గుణింతం కొట్టినప్పుడు చుక్కల వలయం కనపడితే కంగారు పడక్కర్లేదు. హల్లు లేకుండా గుర్తు ముందు కొట్టారని అర్థం. చూపుకి ఎలా ఉన్నా ముందు హల్లు, తర్వాత గుర్తు.

'ఫైర్మన్' సంగతి ఇంకొంచెం తమాషా. ర, పొల్లు, మ వరసగా వస్తే సిస్టమ్ తన ధర్మం ప్రకారం వత్తు పెడుతుంది. 'ధర్మం'లో అదే మనకి కావాలి. 'ఫైర్‌మన్'లో వద్దు. వద్దని చెప్పడానికి కంటికి కనపడని ఒక క్యారెక్టర్ ఉంది. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. వెడల్పు సున్న, పని మాత్రం గోడ. విండోస్ తెలుగు కీబోర్డులో కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని 2 నొక్కితే వస్తుంది. సాఫ్ట్‌వేర్, ల్యాప్‌టాప్, హార్డ్‌డిస్క్... మన బతుకంతా ఇది కావాల్సిన మాటలే. ఇది తెలీనివాళ్ళు మధ్యలో స్పేస్ కొట్టి 'సాఫ్ట్ వేర్' అని విడదీస్తున్నారు, లేదంటే 'సాఫ్ట్వేర్' అని మూడంతస్తులు కట్టేస్తున్నారు.

కనపడదు కదా అని దీన్ని తక్కువ చెయ్యకండి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లని ఆపేసిన 'తెలుగు అక్షరం' గుర్తుందా? నేనప్పుడు ఏడో తరగతి. తెలుగులో ఏదో ప్రమాదకరమైన అక్షరం ఉందన్నట్టు వార్తలొచ్చాయి. ఆ మెసేజ్ స్క్రీన్ మీదికి వస్తే చాలు యాప్ మూసుకుపోయేది, మళ్ళీ తెరిస్తే మళ్ళీ మూసుకుపోయేది. నిజానికి అది మన 'జ్ఞా'యే, కాకపోతే ఞ కీ దీర్ఘానికీ మధ్య ఈ కనపడని గోడ ఒకటి ఇరుక్కుని ఉంది. ఆ వరసని ఎలా గీయాలో ఆపిల్ వాళ్ళ కోడ్‌కి తెలీలేదు. 19వ తేదీన 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. అందరూ తెలుగు అక్షరం ఫోన్ని పాడుచేసిందన్నారు. కోడ్ రాసినవాళ్ళు తెలుగుతో సరిగ్గా టెస్ట్ చెయ్యలేదని ఎవరూ అనలేదు. రేపు అలాంటి కోడ్ రాయబోయేది, టెస్ట్ చెయ్యబోయేది మనమే గదా. మనకే కొట్టడం రాకపోతే టెస్ట్ కేసు ఎవరు రాస్తారు?

మొదటి సెమిస్టర్లో అందరం సి లో స్ట్రింగ్ రివర్స్ ప్రోగ్రామ్ రాశాం. అందరం 'హలో' ఇంగ్లీషులో ఇచ్చి పాస్ అయిపోయాం. దానికి 'తెలుగు' అని ఇచ్చి చూడండి. మనకి మూడు అక్షరాలు కనపడతాయి, యూనికోడ్ లెక్కలో ఆరు, యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు కాబట్టి సి వాడు 18 అంటాడు. బైట్లు తిరగేస్తే చెత్త వస్తుంది. పైథాన్‌లో తిరగేస్తే ఖాళీ మీద ఒక కొమ్ము వేలాడుతూ, దాని తర్వాత 'గులెత' వస్తుంది. రావాల్సింది 'గులుతె'. ఇది సరిగ్గా రావాలంటే అక్షరం అంటే ఏంటో ముందు మనం తేల్చుకోవాలి. నాకు ఆ సెమిస్టర్ మొత్తంలో ఇంతకంటే మంచి లెక్క కనపడలేదు, అది ల్యాబ్ మాన్యువల్‌లో లేదు.

ఇప్పుడు ఆ డీటీపీ అన్న దగ్గర గళ్ళు ఎందుకొచ్చాయో చెప్పాలి, లేకపోతే ఆయనకి కంప్యూటర్ రాదనుకుంటారు. యూనికోడ్ అందరికీ చేరకముందు తెలుగు ప్రెస్సులు, పత్రికలు ఒక ఉపాయంతో పని నడిపాయి. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంట్లు చేసుకున్నారు. అను ఫాంట్లు అలాంటివే. ఫైల్లో ఉన్నది నిజానికి ఇంగ్లీషు గుర్తులే, ఆ ఫాంటు వేసుకుంటేనే తెలుగుగా కనపడతాయి. యూనికోడ్ తెలుగుని తెచ్చి ఆ ఫాంటు మీద పోస్తే దానికి ఏం చెయ్యాలో తెలీదు. అక్కడి నుంచి మనం కాపీ చేసుకుంటే పిచ్చి ఇంగ్లీషు వస్తుంది. పాతదే ఎందుకు వాడుతున్నారంటే, అందమైన ఫాంట్లు అందులో బోలెడున్నాయి, ఏళ్ళుగా చేసిన డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి, పైగా చేతులకి అలవాటు. ఆ అన్న కీబోర్డు వైపు చూడకుండా, నాతో మాట్లాడుతూ ఒక పెళ్ళి కార్డు మొత్తం కొట్టడం నా కళ్ళతో చూశా. ఆయనకి ఏ అక్షరం కావాలంటే ఆ అక్షరం వస్తుంది. ఫోను చూపించినది నొక్కే నాకూ ఆయనకీ ఉన్న తేడా అదే. ఇంజనీరింగ్ చదివేది నేను.

"ఇన్‌స్క్రిప్టే నేర్చుకోవాలా?" అని ఇప్పటికే ఇద్దరు అడిగారు. అక్కర్లేదు. 1990లలో అమెరికా రైస్ యూనివర్సిటీలో చదువుకుంటున్న తెలుగువాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడానికి ఆర్‌టీఎస్ అని ఒక పద్ధతి పెట్టారు. వీవెన్ గారి లేఖిని కూడా ఆ దారిలోదే. అందులో చిన్న ఆర్ వేరు, పెద్ద ఆర్ వేరు. పెద్ద ఆర్ కొడితే వట్రసుడి, టోపీ గుర్తు కొడితే ఆ కనపడని గోడ. ఇంగ్లీషు అక్షరాలే అయినా అది ఊహించదు, మనం చెప్పిందే చేస్తుంది. నేను అడిగేది ఇదే. నియమం మన చేతిలో ఉండాలి. ఏ పద్ధతైనా సరే.

ఊహించే వాటితో ఇంకో బాధ. ఇంగ్లీషులో మా ఊరి స్పెల్లింగ్ చివర 'ఇ' ఉంటుంది, ఎప్పటిదో పాతది. దాన్ని మెషిన్‌కి ఇస్తే 'బోగోలే' అంటుంది. మా ఇంట్లో ఒక కార్డు మీద ఊరి పేరు అలాగే పడింది. ఎవరో ఇంగ్లీషులో ఎక్కించారు, మెషిన్ తెలుగు చేసింది, చూసినవాళ్ళు లేరు. బోగోల్లో ఉండేవాడు బోగోలు అని ఎలా రాయాలో ఇంగ్లీషుని అడగాల్సి వస్తోంది.

వాయిస్ టైపింగ్ వచ్చేసింది, ఏఐ వచ్చేసింది, ఇంకా కీబోర్డేంటి అనేది రెండో అభ్యంతరం. నేనూ వాడతా, బస్సులో అయితే అదే సుఖం. కానీ నోటితో 'కృ' అన్నా 'క్రు' అన్నా దానికి ఒకేలా వినపడుతుంది. అది తప్పు రాస్తే ఆ ఒక్క అక్షరం దగ్గర కర్సర్ పెట్టి చేత్తో మార్చాలి. మళ్ళీ కీబోర్డు దగ్గరికే వచ్చాం.

క్లబ్ విషయానికొస్తే, ఈ సంచికలో కోలన్లన్నీ నేనే కూర్చుని విసర్గలు చేశా. సున్నలు మార్చా. ఎవరికీ చెప్పలేదు. ఆ అన్న నాకు చేసినట్టే చేశా, దానివల్ల ఎవరూ ఏమీ నేర్చుకోలేదు. వచ్చేసారి ఇలా వద్దని నా మాట. తప్పు అక్షరాలకి రంగు వేసి, అవి ఏ కీతో వస్తాయో పక్కన రాసి వెనక్కి పంపిద్దాం. మార్చి పంపాల్సింది రాసినవాళ్ళే. "కవిత్వం చూడండి, స్పెల్లింగ్ కాదు" అంటారు, తెలుసు. తన దుఃఖాన్ని తనే సరిగ్గా కొట్టుకోమనడం కవికి అవమానమేమీ కాదు. ఫస్టియర్ వాళ్ళకి ల్యాబ్‌లో ఒక సాయంత్రం అడుగుదాం. ఎవరి పేరు వాళ్ళు, వాళ్ళ ఊరి పేరు, ఇంట్లో పెద్దవాళ్ళ పేర్లు. సజెషన్లు ఆపేసి, అక్షరం అక్షరం కొట్టాలి. గంట సరిపోతుంది. ల్యాబ్ కంప్యూటర్లలో తెలుగు యాడ్ చెయ్యడానికి పర్మిషన్ కావాలంటున్నారు, ఆ లెటర్ నేను రాస్తా. తెలుగులోనే.

తాత సంవత్సరీకం వచ్చే నెల. కార్డు ఈసారి పూర్తిగా నేనే కొట్టా, పోయిన వారం ఊరికెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్‌లో అవ్వకి చూపించా. పేరు దగ్గర వేలు పెట్టి కొక్కెం చూసుకుంది, ఏమీ అనలేదు. కింద 'రిటైర్డ్ ఫైర్‌మన్' దగ్గర ఆగింది. నేను ఎంతో ముచ్చటగా పెట్టిన గోడ అది.

"ఫైర్‌మన్ ఏందిరా, చేరినప్పటి మాట అది. ఆయన దిగేటప్పటికి డ్రైవరు. డ్రైవరని వెయ్యి" అంది.

మార్చా.